పాత బండి, కొత్త బండి, ముందు బ్రేకు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన మిత్రులు మోకాళ్ల నొప్పుల గురించి, డి.ఏ. బకాయిల గురించి ఎంతో విపులంగా చెప్పారు. కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "పది నిమిషాలు మాట్లాడండి, విషయం మీ ఇష్టం" అన్నారు. నా ఇష్టమంటే మోటారు సైకిలే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసీ అడిగారు కనుక తప్పు ఆయనదే.

నవ్వుకోండి. డెబ్భై అయిదేళ్ల ముసలాయనకి మోటారు సైకిలు కబుర్లేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఏటా బతికే ఉన్నానని ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తున్నాను. ఇంకా నడపగలనని రవాణా శాఖకి మెడికల్ సర్టిఫికెట్టు ఇచ్చి లైసెన్సు రెన్యువల్ చేయించుకున్నాను. ఈ రెండూ చెల్లుబాటులో ఉన్నంతకాలం నాకు మాట్లాడే అర్హత ఉందనే అనుకుంటున్నాను. పైగా ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది మనవడికి బండి కొనిపెట్టినవాళ్లమో, కొనమని ఇంట్లో పోరు పడుతున్నవాళ్లమో అయి ఉంటాం. కాబట్టి విషయం మనది కాదని ఎవరూ అనరు.

అసలు నేను ఒక తప్పు ఒప్పుకుందామని వచ్చాను. అయితే బండ్ల సంగతి కొంత చెబితేగాని ఆ తప్పు ఏమిటో బోధపడదు.

1971లో ఎల్.డి.సి.గా చేరాను. మొదటి అయిదేళ్లు సైకిలు. 1976లో ప్రభుత్వంవారి మోటారు సైకిల్ అడ్వాన్సు సాంక్షనై రాజ్‌దూత్ 175 కొన్నాను. ఆ ప్రొసీడింగ్స్ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. టూ స్ట్రోకు బండి. పెట్రోలులో ఆయిలు కొలిచి కలిపి పోయాలి. ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ఎక్సిలేటరు పూర్తిగా మూసేస్తే ఇంజనుకి పెట్రోలుతోపాటు ఆయిలు కూడా అందదు. అందుకని మధ్యమధ్య కాస్త ఎక్సిలేటరు ఇస్తూ దిగాలి. బ్రేకు వేస్తూనే ఎక్సిలేటరు ఇవ్వడమనే విద్య మాకు అలా అబ్బింది. ఈ రోజుల్లో కుర్రాళ్లతో అంటే వింతగా చూస్తారు.

అప్పట్లో ఏ బండి మర్యాద ఆ బండిదే. మా ఆఫీసరుగారి బుల్లెట్టుకి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర ఉండేవి. నా రాజ్‌దూత్‌కి అందుకు తిరకాసు. ఒకసారి ఆయన బండి నీడలోకి పెట్టమని తాళం ఇస్తే, ఆపుదామని కుడికాలు నొక్కాను. గేరు మారింది గాని బండి ఆగలేదు. ఆఫీసు గోడ ఇంకో మూరెడు దూరంలో ఉండబట్టి నా సర్వీసు రిజిస్టరు శుభ్రంగా మిగిలింది.

1985 చివరలో యమహా ఆర్ఎక్స్ 100 వచ్చింది. వంద కిలోల బండి, 98 సీసీ. మా సెక్షనులో ఒకాయన కొన్నాడు. మధ్యాహ్నం టీకి వెళ్లే నెపంతో అందరం తలో రౌండు కొట్టేవాళ్లం. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే గాని, నా మనసు మాత్రం అప్పటికే ఇంకో బండిమీద పడింది.

అదే రాజ్‌దూత్ 350. జపానులో యమహా వారు చేసిన ఆర్‌డీ 350ని ఇక్కడ ఎస్కార్ట్స్ వారు 1983 నుంచి చేశారు. అదే సంవత్సరం వచ్చిన హిందీ 'హీరో' సినిమాలో జాకీ ష్రాఫ్ దానిమీద తిరిగాడు. రెండు సిలిండర్లు, 347 సీసీ, ఆరు గేర్లు. మొదట వచ్చినవి 30 గుర్రాల పైచిలుకు శక్తిగలవి, తరవాత తగ్గించి చేసినవి 27. జపాను బండికి ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉండేది. ఇక్కడికి వచ్చేసరికి దాని స్థానంలో డ్రమ్ము బ్రేకు పెట్టారు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, తరవాత అవసరమొస్తుంది.

ఆ బండిని జనం పెద్దగా కొనలేదు. లీటరుకి పాతిక కిలోమీటర్లు ఇస్తే ఆ రోజు పండగే. పెట్రోలు తాగే బండని, ప్రాణాలు తీసే బండని పేరు పడి సెకండ్ హ్యాండులో చవకైపోయింది. 1988లో నేను ఒకటి కొన్నాను, 27 గుర్రాలది. డబ్బు జి.పి.ఎఫ్. నుంచి తీశాను. దరఖాస్తులో కారణం అన్న గడిలో ఏం రాశానో ఇప్పుడు చెప్పను, ఆడిట్‌లో పనిచేసి రిటైరైనవారు ఈ సభలో ఉన్నారు.

ఇక ఆ బండి నడిచే తీరు చెబుతాను. కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చోవాలి. హ్యాండిలు వెడల్పు. టైర్లు మాత్రం సన్నం, వెనకది మూడున్నర అంగుళాలు, ముందుది మూడు. మెల్లగా పోతున్నంతసేపు గంగిగోవు. ఇంజను ఒక స్థాయి దాటి తిరగడం మొదలుపెట్టిందంటే హఠాత్తుగా ఎవరో వెనకనుంచి తోసినట్టు ముందుకి దూకేది. ముందు చక్రం తేలికైపోయి హ్యాండిలు చేతుల్లో ఊగేది. మలుపులో ఎక్సిలేటరు ఇవ్వాలంటే ఆ దూకుడు ఎక్కడ మొదలవుతుందో ముందే లెక్క వేసుకోవాలి. ఆ లెక్క తప్పితే మలుపు బయటికి పోతాం.

మలుపు లోపల కూడా అది ఊరికే ఉండేది కాదు. కాస్త వేగం ఎక్కువైతే వెనకభాగం మెలిదిరుగుతున్నట్టు ఉండేది. ఇనపగొట్టాల ఫ్రేము, వెనక చక్రాన్ని పట్టుకునే ఆర్ముకి అరిగిపోయిన బుష్షులు, నీరసించిన రెండు షాకబ్జార్బర్లు, అన్నీ కలిసి గొణిగేవి. ఇంకొంచెం పెంచితే హ్యాండిలు వణికేది. ఇంకా వంచితే ఫుట్ రెస్టు రోడ్డుకి గీసుకుని కర్రుమనేది. అంటే పడిపోయే లోపల మూడు నాలుగుసార్లు చెప్పేది. ఆఫీసు భాషలో చెప్పాలంటే ముందు మెమో, తరవాత రిమైండరు, ఆ తరవాత షోకాజ్ నోటీసు. అన్నీ బుట్టదాఖలు చేసినవాడికే సస్పెన్షను.

మా ఆవిడ ఆ బండిమీద పక్కకి తిరిగి కూర్చునేది, ఒళ్లో మా అమ్మాయి. పక్కకి కూర్చుంటే బరువంతా ఒకవైపే కదా, బండి ఎప్పుడూ ఎడమకి లాగుతూ ఉండేది. నేను కుడివైపుకి ఓ రవ్వ ఒరిగి నడపడం అలవాటు చేసుకున్నాను. ఆవిడ దిగిపోయాక ఒక్కణ్ణే వెళ్తున్నా అలాగే ఒరిగి ఉండేవాణ్ణట. ఆఫీసులో మిత్రులు దూరంనుంచే పోల్చుకునేవారు.

ఇప్పుడు బ్రేకు సంగతి. మా తరానికి మోటారు సైకిలు నేర్పినవాళ్లంతా మొట్టమొదట చెప్పే మాట "ముందు బ్రేకు జోలికి పోకు, పల్టీ కొడతావు" అని. నాకు మా అన్నయ్య చెప్పాడు. అన్నయ్యకి ఎవరో మెకానిక్కు చెప్పాడు. ఆ మాట ఊరికే పుట్టలేదు. సైకిలు మీద ముందు బ్రేకు గట్టిగా పట్టి మూతి పగలగొట్టుకోనివాడు మనలో ఎవడు? ఆనాటి రోడ్లు సగం కంకర, సగం ఇసక. సన్నటి టైరు కంకరమీద ముందు చక్రం బిగుసుకుందంటే పడ్డట్టే. వానలో డ్రమ్ములోకి నీరు పోతే బ్రేకు ముందు పట్టదు, తరవాత ఒక్కసారిగా పట్టేస్తుంది. అందుకని ఆ బ్రేకుని మేమంతా ఇంట్లో పాముని చూసినట్టు చూసేవాళ్లం. ముప్ఫై అయిదేళ్లు నేను కుడికాలితోనే బండి ఆపాను. ఒక్కసారి కూడా పెద్ద ప్రమాదం జరగలేదు. జరగలేదు కాబట్టి ఆ మాట వేదవాక్కు అనుకున్నాను.

మా మనవడు, అంటే మా అమ్మాయి కొడుకు, 2018లో ఇంజనీరింగ్ చదువుతుండగా బండి అడిగాడు. వాళ్ల అమ్మానాన్నా ఒప్పుకోలేదు. నేను సగం డబ్బు వేసుకుంటానని మధ్యవర్తిత్వం చేసి ఒప్పించాను. స్పోర్ట్సు బండే కొన్నాడు. దాని పేరు చెప్పను, ఎందుకంటే జరిగినదాంట్లో బండి తప్పు ఇసుమంతైనా లేదు. అది ఏబీఎస్ లేని బండి. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. ఏబీఎస్ అంటే చక్రం బిగుసుకుపోబోతోందని పసిగట్టి, సెకనుకి ఎన్నోసార్లు బ్రేకుని వదిలి పట్టే ఏర్పాటు.

బండికి కొబ్బరికాయ కొట్టిన రోజునే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నా విద్యంతా ధారపోశాను. అందులో మొదటిది మీకు తెలిసిందే. "ముందు బ్రేకు జోలికి పోకు."

ఏడు నెలలకి, విజయనగరం నుంచి శృంగవరపుకోట వెళ్లే రోడ్డులో మేకల మంద అడ్డం వచ్చింది. వాడు అరవై మీద ఉన్నాడట. కుడికాలితో వెనక బ్రేకు తొక్కేశాడు. వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి అడ్డంగా తిరిగి జారింది. హెల్మెట్టు పెట్టుకున్నాడు, తలకి ఏమీ కాలేదు. కాలర్ బోను విరిగింది. మోచెయ్యి ఒలిచిపోయింది.

ఆస్పత్రికి అందరికంటె ముందు నేను చేరాను. కట్టుకట్టి మంచంమీద పడుకోబెట్టారు. నన్ను చూడగానే వాడు నవ్వబోయి, "తాతయ్యా, నువ్వు చెప్పినట్టే చేశాను. ముందు బ్రేకు ముట్టుకోనే లేదు" అన్నాడు.

మెచ్చుకుంటాననుకున్నాడు పాపం.

నేను "మంచి పని చేశావు" అన్నాను. అప్పటికి నాకూ అది మంచి పనే అనిపించింది. తరవాత అక్కడ ఉన్న కుర్ర డాక్టరు, అతనికీ మోటారు సైకిలు సరదా ఉన్నట్టుంది, "ముందు బ్రేకు కూడా వేసి ఉంటే మేకలకి ముందే ఆగేవాడు సార్" అని తన దోవన తాను వెళ్లిపోయాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

వారం రోజుల తరవాత మా కాలనీ వెనక కొత్తగా వేసిన లేఅవుటు రోడ్డుకి నా పాత 350ని తీసుకుపోయాను. ఎవరికీ చెప్పలేదు. నున్నటి తారు, మనుషులు లేరు. సుద్దముక్కతో గీత గీసి, గంటకి నలభై వేగంలో వచ్చి గీత దగ్గర బ్రేకు వేసి ఎన్ని అంగలకి ఆగుతుందో కొలిచాను. వెనక బ్రేకు ఒక్కటే వేస్తే ఇరవై మూడు, ఇరవై నాలుగు అంగలు. రెండూ కలిపి, ముందుది మెల్లమెల్లగా బిగిస్తూ వేస్తే పదిహేడు. పల్టీ లేదు, ఏమీ లేదు. నా వయసప్పుడు అరవై తొమ్మిది. నేను ముప్ఫై ఏళ్లుగా నడుపుతున్న బండి గురించి నాకు తెలియని సంగతి ఆ రోజు తెలిసింది.

తరవాత మరమ్మతు చేయించిన మనవడి బండిమీద అదే పరీక్ష చేశాను. వెనక బ్రేకు ఒక్కటే వేస్తే సుమారు నా బండికి పట్టినన్ని అంగలే పట్టాయి! రెండూ వేస్తే పదమూడు. అంటే నేను చెప్పినట్టు కాలితో మాత్రమే ఆపితే కొత్త బండికీ పాత బండికీ భేదమే లేదు. అంత డబ్బు పోసి కొన్న బ్రేకులో సింహభాగం నా మాటతో కొట్టేసినట్టయింది. ఇక వేగం నలభై నుంచి ఎనభైకి, అంటే రెట్టింపు అయితే ఆగే దూరం నాలుగింతలు అవుతుంది. ఆ పది అంగల తేడా నలభై అవుతుంది. నలభై అంగల్లో ఎన్ని మేకలు పడతాయో మీరే లెక్క వేసుకోండి.

దీని వెనక కారణం చాలా చిన్నది. బస్సు డ్రైవరు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లంతా ముందుకి తూలతారు కదా. బండి బరువూ అలాగే ముందు చక్రం మీదికి తూలుతుంది. ముందు టైరు రోడ్డుని గట్టిగా అదుముతుంది, వెనక టైరు తేలిపోతుంది. తేలిపోయిన చక్రానికి ఎంత బ్రేకు వేసినా బిగుసుకుని జారడమే గాని ఆపేది తక్కువ. బరువున్న చోట పట్టు ఉంటుంది. గట్టిగా ఆపాలన్నప్పుడు పనంతా చేసేది ముందు బ్రేకే. దాన్ని ఒక్కసారిగా పట్టెయ్యకూడదు. ముందు కొంచెం నొక్కి, బరువు ముందుకి వచ్చాక గట్టిగా నొక్కాలి. మా అన్నయ్యకి ఈ "మెల్లమెల్లగా" అన్న ముక్క ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మా వంశంలో ఈ శాసనం పుట్టేది కాదు.

మరి ముప్ఫై అయిదేళ్లు నాకేమీ ఎందుకు కాలేదని మీరు అడగవచ్చు. నేనూ చాలాసార్లు ఆలోచించాను. నా బండి ఆగదని నాకు తెలుసు. ఆగదని తెలిసినవాణ్ణి కాబట్టి ముందు లారీకి వంద గజాల దూరంలో ఉండేవాణ్ణి. మలుపు కనపడగానే ఎక్సిలేటరు వదిలేవాణ్ణి. నన్ను కాపాడింది నా కుడికాలి నైపుణ్యం కాదు, ఆ దూరం. మనవడికి నేను కాలి సంగతి చెప్పాను, దూరం సంగతి చెప్పలేదు. నాకే తెలియని దాన్ని ఎలా చెబుతాను?

వాడికి చదువు అయింది, బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. 2022లో తన డబ్బుతో యమహా ఆర్15 కొన్నాడు, నాలుగో తరం మోడలు. ఆర్15 మొదటిసారి మన దేశంలోకి 2008లో వచ్చింది. అప్పుడే నీళ్లతో చల్లబడే ఇంజను, పెట్రోలు ఇంజెక్షను ఉండేవి. రేసు బండ్ల పద్ధతిలో ఇంజనుని రెండు వైపులనుంచి కౌగలించుకున్నట్టుండే ఫ్రేము ఉండేది. ఈ నాలుగో తరం బండికి రెండు చక్రాలకీ ఏబీఎస్ ఉంది. వెనక చక్రం జారబోతే ఇంజను శక్తిని తగ్గించే ఏర్పాటు కూడా ఉంది. ఇంజను 155 సీసీ, శక్తి 18 గుర్రాల పైచిలుకు. నా 350లో సగం కూడా లేని ఇంజను. బరువులో రెండిటికీ పెద్ద తేడా లేదు. వెనక టైరు మాత్రం 140 మిల్లీమీటర్ల వెడల్పు, నాది 90 లోపు.

2023 జనవరిలో, పండక్కి వచ్చినప్పుడు, "తాతయ్యా, రెండు బండ్లూ తీసుకుని అనంతగిరి వెళ్దాం" అన్నాడు. మా ఆవిడ ఇద్దరినీ తిట్టి, పులిహోర కట్టి ఇచ్చింది.

శృంగవరపుకోట దాకా తిన్నటి రోడ్డు. అక్కడ నాదే పైచేయి. ఎక్సిలేటరు ఇస్తే ఆ బండి అద్దంలో చిన్నదైపోయేది. ఘాట్ మొదలయ్యాక కథ మారింది. ప్రతి మలుపుకీ నేను ముందే తగ్గించాలి, గేరు దించాలి, వంచాలి, దూకుడు రాకుండా ఎక్సిలేటరు ఆచితూచి ఇవ్వాలి. వాడు నా వెనకనే, ఏ హడావుడీ లేకుండా, గీసిన గీతమీద వస్తున్నట్టు వస్తున్నాడు. నాకు చెమటలు పట్టాయి, వాడు చుట్టూ కాఫీ తోటలు చూస్తున్నాడు.

దిగేటప్పుడు బండ్లు మార్చుకున్నాం.

ఆర్15 ఎక్కడమే ఒక ప్రహసనం. సీటు ఎత్తు. ఎక్కాక నమస్కారం పెడుతున్నట్టు ముందుకి వంగాలి. హ్యాండిలు ఇరుకు, కిందికి ఉంటుంది. కాళ్లు వెనక్కి ముడుచుకోవాలి. ఊళ్లో వెనక్కి తిప్పుకోవాలంటే సగం రోడ్డు చాలదు. మణికట్టు మీద బరువు పడుతుంది, నాలాంటివాడికి అరగంట ఎక్కువ. మోకాళ్లతో టాంకుని నొక్కిపట్టుకుంటే చేతులకి బరువు తగ్గుతుందని మనవడు చెప్పాడు. నిజమే, తగ్గింది. నాకు బండి నేర్పే వంతు వాడికి వచ్చింది.

మొదటి మలుపు. ఎడమ మలుపుకి ఎడమ చెయ్యి కాస్త ముందుకి తోస్తే చాలు, బండి వంగింది. పాత బండికీ కిటుకు అదే. కాకపోతే అక్కడ తోసిన కాసేపటికి వంగేది, ఇక్కడ అనుకునేలోపే వంగింది. వంగినది వంగినట్టే ఉంది. మెలిదిరగడం లేదు, వణుకు లేదు. మంచుకి రోడ్డు తడిగా ఉన్నా చక్రాలు జారినట్టే లేవు. రెండో మలుపు, మూడో మలుపు. నాకు ముప్ఫై ఏళ్ల వయసు వచ్చినట్టయింది. మహా అయితే నలభైలో ఉన్నానని నా ఒళ్లు చెబుతోంది. మీటరు వైపు చూశాను. అరవై రెండు.

మిత్రులారా, నాకు గుండె ఆగినంత పనయింది. ఆ మలుపులో నా 350 మీద అరవై రెండంటే మెమో, రిమైండరు, షోకాజ్ అన్నీ వచ్చి ఉండేవి. ఇది ఒక్క ముక్క మాట్లాడలేదు. మన ఆఫీసుల్లో చూడలేదూ, రికార్డు రూములో ముసలి అటెండరు పని ఎక్కువైతే మొదటి కట్ట దగ్గరే సణుగుతాడు. కొత్తగా చేరిన కుర్రాడు ఎంత పని చెప్పినా "సరే సార్" అంటాడు, ఒకరోజు చెప్పాపెట్టకుండా రావడం మానేస్తాడు. కొత్త బండికీ హద్దు ఉంది. కాకపోతే ఆ హద్దు చాలా దూరంలో ఉంది, అక్కడికి చేరేసరికి వేగం కూడా చాలా ఉంటుంది. అక్కడ చెప్పినా వినడానికి మనకి వ్యవధి ఉండదు. ఏబీఎస్ ఉందిగా అంటారు కుర్రాళ్లు. తిన్నగా ఉన్న బండిని ఆపడంలో అది దేవుడే. మలుపులో బాగా వంగి ఉన్నప్పుడు బ్రేకు పడితే ఈ బండ్లలో ఉండే మామూలు ఏబీఎస్ అన్నివేళలా ఆదుకోలేదు. ఇసకమీదా, కంకరమీదా ఆగే దూరాన్నీ తగ్గించలేదు.

నేను ముప్ఫైకి దిగిపోయి, నెమ్మదిగా టైడా చేరి, టీ కొట్టు దగ్గర ఆగాను. మనవడు రాలేదు. అయిదు నిమిషాలయింది, పది నిమిషాలయింది. ఆ పది నిమిషాలు నేను ఏమేమి మొక్కుకున్నానో చెప్పను. చివరికి పొగ కనిపించింది, వెనకనే కాలిన లైనింగు వాసన వచ్చింది. దిగి హెల్మెట్టు తీశాడు. మొహం తెల్లగా పాలిపోయింది.

"తాతయ్యా, ఇది ఆగదు" అన్నాడు.

ఆగదు మరి. టూ స్ట్రోకు బండికి ఎక్సిలేటరు వదిలితే ఇంజను పట్టి ఆపేది చాలా తక్కువ, జారుబండలా దిగిపోతుంది. వాడు అలవాటు కొద్దీ మలుపు దగ్గరకి వచ్చాక రెండు వేళ్లతో ముందు బ్రేకు నొక్కాడు. అక్కడ డిస్కు లేదు, డ్రమ్ము ఉంది. నాలుగు మలుపులకి వేడెక్కి పట్టు వదిలేసింది. ఆ తరవాత మొదటి గేరులో, రెండు కాళ్లూ కిందకి పెట్టి ఈడ్చుకుంటూ దిగాడట. జపాను బండికి ఉన్న డిస్కు మన బండికి లేదన్నాను చూడండి, దాని విలువ వాడికి ఆ రోజు తెలిసింది.

టీ తాగుతూ వాడు అడిగిన ప్రశ్న ఒక్కటే. "అమ్మని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అమ్మమ్మని పక్కకి కూర్చోబెట్టుకుని దీనిమీదనా తిరిగింది?"

నేనేమీ మాట్లాడలేదు. కాసేపాగి, అప్పటిదాకా చెప్పనిది చెప్పాను. "నీ కాలర్ బోను విరిగింది నా మాటవల్లేరా" అన్నాను. వాడు గ్లాసు కింద పెట్టి, "నాకు తెలుసు తాతయ్యా, ఆ డాక్టరు నాకూ చెప్పాడు" అన్నాడు. అప్పటినుంచీ తెలుసట. తెలిసీ నాతో అనలేదు, వాళ్ల అమ్మతోనూ అనలేదు. మేకలు అడ్డం వచ్చాయనే చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో ఎవరి బండి వాళ్లం తీసుకున్నాం.

మనవలకి బండి కొనేవారు సలహా అడిగితే నేను చెప్పేది ఇంతే. ఏ కంపెనీది, ఎన్ని సీసీలు అన్నది వాళ్లనే తేల్చుకోనివ్వండి. కొన్న మొదటి వారంలో ఒక ఖాళీ రోడ్డుకి తీసుకెళ్లి, గీత గీసి, రెండు బ్రేకులతో ఆపడం నలభైసార్లు చేయించండి. మీరు అంగలు లెక్కపెట్టండి. మోకాళ్లకి కూడా మంచిది, ఇందాక డాక్టరుగారు నడవమనే కదా చెప్పారు. మీకు చిన్నప్పుడు ఎవరో చెప్పిన సూత్రాలు ఏమైనా ఉంటే వాళ్లకి చెప్పేముందు మీరొకసారి చేసి చూడండి.

నా 350 ఇంకా ఇంట్లోనే ఉంది. ఆదివారం నాడు ఒకసారి స్టార్టు చేస్తాను. నాలుగు కిక్కులకి పలుకుతుంది, నాకు ఓపిక లేని రోజున ఆరు. పొగకి పక్కింటివారు కిటికీలు మూసుకుంటారు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. మూడో వరుసలో, కిటికీ పక్కన మా అమ్మాయి కూర్చుని ఉంది. తన కొడుకు ఎందుకు పడ్డాడో తనకి ఇప్పుడే తెలిసింది. ఇందాకటినుంచి నావైపే చూస్తోంది. భోజనాల దగ్గర ఎవరైనా పెద్దవాళ్లు నా పక్కన కూర్చుంటే సంతోషిస్తాను.